అనంతపురంలో నాలుగు ఎండాకాలాలు వాడిన ఎక్స్‌టెన్షన్ బోర్డు: వైరు మంచిదే, సాకెట్లకే పట్టు లేదు

నాలుగు సాకెట్లు, ఒక స్విచ్చి, ఐదు మీటర్ల వైరు. అందరిళ్లలో ఉండే బోర్డే కాబట్టి మిగతా వివరాలు అక్కర్లేదు. నా కోపమంతా ఆ సాకెట్ల మీద. గుండ్రటి పిన్ను, బల్లపరుపు పిన్ను, ఏదైనా దూరే మల్టీ సాకెట్లవి. అన్నీ దూరతాయి, ఏదీ గట్టిగా నిలవదు.

మొదటి రెండేళ్లు ఏ లోపమూ కనబడలేదు. మూడో ఎండాకాలంలో ఇస్త్రీ పెట్టె పెట్టే సాకెట్టు దగ్గర సన్నగా చిటచిటమనే శబ్దం, తర్వాత చేపలు మాడినట్టు వాసన. ప్లగ్గు లాగి చూస్తే ఒక పిన్ను నల్లగా ఉంది, సాకెట్టు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగింది. లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే ఎమ్‌సీబీ మాత్రం పడలేదు.

లోడు ఎక్కువైందా అంటే లేదు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల దగ్గర తీసుకునేది 4.35 ఆంపియర్లు, సాకెట్టు 6 ఆంపియర్లది. లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులే సాగిపోయాయి. లావు అడాప్టర్లు దూర్చడం, ప్లగ్గును వైరు పట్టుకుని వంకరగా లాగడం, ఈ రెండూ చాలు వాటిని సాగదీయడానికి. పట్టు తగ్గిన చోట అర ఓము నిరోధం వచ్చిందనుకోండి, 4.35 ఆంపియర్లకు తొమ్మిదిన్నర వాట్ల వేడి పుడుతుంది. చింతగింజంత చోట అంత వేడంటే మాడక ఏమవుతుంది? వేడికి ఇత్తడి మీద పొర కడుతుంది, పొరతో నిరోధం ఇంకా పెరుగుతుంది. కరెంటు పెరగదు గనుక ఎమ్‌సీబీకి ఈ సంగతే తెలియదు.

ముక్కుపటకారుతో రేకులు దగ్గరికి నొక్కితే సరిపోతుందనేవాళ్లున్నారు. వారం నిలుస్తుంది, అంతే. ఒకసారి కాలిన ఇత్తడికి స్ప్రింగు గుణం తిరిగి రాదు. సాకెట్టే మార్చాలి, అదీ గుండ్రటి పిన్నుల 6 ఆంపియర్ల ఐదు పిన్నుల సాకెట్టుతో. విప్పే ముందు బోర్డు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గును గోడ నుంచి పీకేయాలి. పాత ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే ఆ స్విచ్చి తెంచేది న్యూట్రల్‌నే, సాకెట్లో కరెంటు అలాగే ఉంటుంది. నల్లబడ్డ రాగిని మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, 8 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులు గట్టిగా మెలేసి స్క్రూ కింద బిగించాలి. పోగులకు సోల్డరింగు సీసం పెట్టొద్దు. స్క్రూ ఒత్తిడికి సీసం మెల్లగా అణిగి మళ్లీ లూజవుతుంది. ఎర్తు వైరును మిగతా రెండింటికంటే కాస్త పొడుగు ఉంచాలి, ఎవరైనా లాగితే చివరగా ఊడేది అదే కావాలి. పదిహేను రోజులకు స్క్రూలు మరోసారి బిగిస్తే మంచిది.

కొన్న కొత్తలో ఈ బోర్డును మెచ్చుకున్నది ఐదు మీటర్ల వైరు చూసే. హాల్లోంచి వసారా దాకా అందుతుంది, ఆ మాట ఇప్పటికీ నిజమే. అయితే మిగిలిన వైరును చుట్టచుట్టి బీరువా వెనక దోపితే ఆ చుట్ట వెచ్చబడుతుంది. మామూలు పీవీసీ వైరు ఓర్చుకునేది 70 డిగ్రీలు. ఇక్కడ మే నెలలో గదిలోనే 42 ఉంటే మిగిలేది 28 డిగ్రీలే. ఇస్త్రీ చేసేటప్పుడు మొత్తం విప్పి పరచాల్సిందే, అప్పుడు దారిలో కాళ్లకు అడ్డం.

ఆషాఢం గాలికి లేచే దుమ్ముంది చూడండి, ఆకాశం చూస్తూ నేలమీద పడున్న సాకెట్లలో అదంతా చేరుతుంది. పైగా బండలు తుడిచిన నీళ్లు. గోడకు మూరెడెత్తున నిలువుగా తగిలించాక ఆ రెండు బాధలూ తగ్గాయి.

కొనొచ్చా అంటే, ఫోన్లకు, టీవీకి, కూలరుకు ఫరవాలేదు. అద్దె ఇల్లు, గోడలో కొత్త పాయింటు వేయనివ్వరు గనుక నాకు తప్పలేదు. సొంతిల్లయితే ఆ డబ్బు పాయింటుకే పెట్టేవాణ్ణి. తీసుకునేవాళ్లు షాపులోనే మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి బోర్డును తలకిందులు చేసి చూడండి, జారిందా వెనక్కిచ్చేయండి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె పది నిమిషాలు వాడి, ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు తాకాలి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు ఆనించలేకపోతే ఆ సాకెట్టు పని అయిపోయినట్టే. మా బోర్డులో మూడు మార్చాను, నాలుగోదానికి టేపు అంటించాను.