క్వేక్ పునర్విడుదల: సీడీతో పాటు పోయిన సంగీతం తిరిగొచ్చింది

క్వేక్ తుపాకుల గురించి, శత్రువుల గురించి, ఆ వేగం గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. 1996 నాటి కంప్యూటర్ షూటింగ్ ఆట అది. ఆడినవాళ్లకు తెలుసు, ఆడనివాళ్లు ఏదో ఒక వీడియోలో చూసే ఉంటారు. 2021 ఆగస్టులో వచ్చిన పునర్విడుదలను అప్పటి నుంచీ ఆడుతూనే ఉన్నాను. ఇన్నాళ్లు ఆడాక రాయాలనిపిస్తున్నది ఒక్క దాని గురించే: సంగీతం. అది మళ్లీ ఆటలోకి వచ్చింది. పాత ఆటలను తిరిగి అమ్మేవాళ్లు చేసిన పనుల్లో నాకు ఇంత సంతోషం కలిగించింది ఇంకొకటి లేదు.

'క్వేక్‌లో సంగీతం ఉందా?' అని అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. ఆ అనుమానం రావడం సహజమే. అసలు సీడీలో మొదటి ట్రాకు ఆట డేటా. రెండు నుంచి పదకొండు దాకా ఉన్నవి మామూలు ఆడియో సీడీ ట్రాకులు. ఆ సీడీని పాటల ప్లేయర్‌లో పెట్టి రెండో ట్రాకు నుంచి హాయిగా వినొచ్చు. ఆట నడుస్తున్నప్పుడు ప్రోగ్రాము 'ఫలానా ట్రాకు మోగించు' అని సీడీ డ్రైవ్‌కి చెప్పేది, డ్రైవ్ మోగించేది. ఇన్‌స్టాల్ చేసినా సంగీతం మాత్రం హార్డ్ డిస్కులోకి ఎక్కేది కాదు. అందుకే ఆటను డిజిటల్‌గా అమ్మడం మొదలైనప్పుడు ఫోల్డర్లో ఉన్న ఫైళ్లు వచ్చాయి, ఫైళ్లుగా లేని సంగీతం సీడీ మీదే ఉండిపోయింది. దానివల్ల ఆట ఆగదు, ఏదో లోపించిందన్న సంగతే ఆడేవాళ్లకు తట్టదు. సీడీ లేదు కాబట్టి డ్రైవ్ పలకదు, అంతే. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతితోనే మొదటిసారి క్వేక్ ఆడినవాళ్లు ఆ ఆట తీరే అంత అనుకుంటే ఆశ్చర్యం ఏముంది?

నేను కూడా చాలాకాలం ఆ మూగ ప్రతినే ఆడాను. మూగ అన్నానే గానీ, పూర్తిగా నిశ్శబ్దం ఏమీ కాదు. క్వేక్ లెవెల్‌ను కంపైల్ చేసేటప్పుడే, అంటే ఆట చదవగలిగే ఫైలుగా మార్చేటప్పుడే, ఏ చోటు నీళ్లకు దగ్గర, ఏ చోటు ఆకాశానికి దగ్గర అని లెక్కగట్టి అందులో రాసేస్తారు. ఆడేటప్పుడు పైకప్పు లేని చోటికి వస్తే గాలి హోరు పెరుగుతుంది, నీటి గుంట దగ్గరికి వెళ్తే నీటి చప్పుడు పెరుగుతుంది. ఇవి డేటా ఫైళ్లలోవే కాబట్టి ఎక్కడికీ పోలేదు. ఆ గాలిహోరుకే నా చెవి అలవాటు పడింది. దాంట్లోనూ ఒక అందం ఉంది, కాదనను.

సంగీతంతో ఆడి చూశాక ఆ అందం సగమేనని తెలిసింది.

నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందానికి చెందిన ట్రెంట్ రెజ్నర్ చేసిన పని ఇది. వీటిని పాటలు అనలేం. సంగీతంలో మొదటిదైన రెండో ట్రాకులో దరువు, గిటారు వినిపిస్తాయి గానీ, తర్వాత చాలాచోట్ల పట్టుకోవడానికి రాగం అంటూ ఉండదు. దూరంగా ఇనుము ఈడ్చుకెళ్తున్నట్టు, గోడ అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు, మాటలు కాని గుసగుసలు. ఆటలోని శబ్దాల్లోనూ ఆయన చెయ్యి ఉంది. దెబ్బ తగిలినప్పుడు మన పాత్ర చేసే మూలుగు ఆయన గొంతే. నెయిల్‌గన్ తూటాల పెట్టెల మీద ఆయన బృందం గుర్తు కూడా కనిపిస్తుంది. అందుకే కాబోలు, తలుపు రాసుకునే చప్పుడు ఎక్కడ ఆగి సంగీతం ఎక్కడ మొదలవుతుందో కొన్నిచోట్ల చెప్పలేం. శబ్దాలూ సంగీతమూ ఒకే కొలిమిలోంచి వచ్చాయి. అందులోంచి ఒకటి తీసేసి రెండోదాన్ని అమ్మితే ఆట పూర్తిగా అందినట్టు కాదు.

పాత ఆటలను బాగుచేసి మళ్లీ తెచ్చే నైట్‌డైవ్ స్టూడియోస్ వాళ్లు ఈ పునర్విడుదలలో ఈ ట్రాకులను ఫైళ్లుగా పెట్టారు. సీడీ అక్కర్లేదు, డ్రైవ్ అక్కర్లేదు, లెవెల్ తెరుచుకోగానే దాని ట్రాకు మొదలవుతుంది. ఆట అప్పటికే ఉన్నవాళ్లకు ఇదంతా ఉచితంగానే అందింది. రెండు పాత మిషన్ ప్యాకులు (అదనపు లెవెల్స్), మెషీన్‌గేమ్స్ అనే స్టూడియో చేసిన కొత్త ఎపిసోడ్, ఇంకా చాలా ఉన్నాయి. బాగున్నాయి, ఆడాను. కానీ వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

నాకు అసలు ఆశ్చర్యం కలిగింది పునర్విడుదల ఆడుతున్నప్పుడు కాదు. ఒకరోజు పీసీలో ఆ ఇన్‌స్టాల్ ఫోల్డర్ తెరిచి చూస్తే మ్యూజిక్ అనే సబ్‌ఫోల్డర్లో ట్రాకులన్నీ మామూలు ఓజీజీ ఆడియో ఫైళ్లుగా, పాత సీడీ నంబర్లే పేర్లుగా కనిపించాయి. తాళాలు లేవు, ఎవరికీ అర్థంకాని ఫార్మాట్ లేదు. పాత ఆట ఫైళ్లు కూడా పక్కనే, ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. క్వేక్ సోర్స్ కోడ్‌ను, ఆట చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ 1999లో ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కింద బయటపెట్టింది కాబట్టి, ఆ కోడ్‌తో అభిమానులు తయారుచేసుకున్న సోర్స్ పోర్టులు, అంటే ఆటను నడిపే వేరే ప్రోగ్రాములు, చాలా ఉన్నాయి. అభిమానుల లెవెల్స్ ఆడటానికి నేను వాటిలో క్వేక్‌స్పాజ్మ్ వాడతాను. ఆ మ్యూజిక్ ఫోల్డర్‌ను కాపీ చేసి దాని పక్కన పెట్టాను.

పెట్టాక, నాకు బాగా అలవాటైన పాత అభిమాని లెవెల్ ఒకటి తెరిచాను. కోటలాంటి కట్టడం, కిందికి దిగే లిఫ్టు, లిఫ్టు దిగాక ఎవరూ ఎదురుపడని పొడవాటి నడవా. అంతకుముందు ఎన్నిసార్లు ఆడినా ఆ నడవా దగ్గర నాకు విసుగొచ్చేది. లెవెల్ చేసినవాళ్లు శత్రువులను పెట్టడం మరిచిపోయారేమో అనిపించేది. ఈసారి లెవెల్ తెరుచుకోగానే రెజ్నర్ ట్రాకు ఒకటి మొదలైంది. నడవాలోకి వచ్చేసరికి ఆ గుసగుసలు తప్ప ఇంకేమీ లేవు. మలుపు దాకా నడవడానికి ధైర్యం చాలక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ ఖాళీ కావాలని పెట్టినదే. సంగీతం నిండాలని వదిలిన ఖాళీ అది.

ఇది ఎలా జరిగిందో తెలిశాక సంతోషం ఇంకా పెరిగింది. క్వేక్‌లో ఏ లెవెల్‌కు ఏ ట్రాకు మోగాలో ఆ లెవెల్ ఫైల్లోనే ఉంటుంది. 'సౌండ్స్' అనే గడిలో ఒక అంకె, అంతే. లెవెల్ తయారుచేసేవాళ్లు తమకు నచ్చిన సీడీ ట్రాకు నంబరు అక్కడ వేస్తారు. 1996 నుంచి ఎందరో అభిమానులు ఎన్నో లెవెల్స్ చేసి, ఆ గడిలో తమ అంకె వేసి వదిలారు. సీడీ పోయినా ఆ అంకెలు పోలేదు. ఫైళ్లు తిరిగి రాగానే ఆ లెవెల్స్‌కు కూడా, వాటి గురించి ఎవరూ ఆలోచించకపోయినా, సంగీతం తిరిగొచ్చింది. ఆ రోజంతా పాత లెవెల్స్ ఒకటొకటే తెరిచి ఎవరు ఏ ట్రాకు ఎంచుకున్నారో వింటూ కూర్చున్నాను. కొందరు తమ లెవెల్‌కు అతికినట్టుండే ట్రాకు వెతికి పెట్టారు. కొందరు తోచిన అంకె వేసేసి ఊరుకున్నట్టున్నారు. కొన్నింట్లో అంకే లేదు, ఆ లెవెల్స్‌లో ఇప్పటికీ గాలిహోరే. అది కూడా ఎవరో ఎంచుకున్నదే అయ్యుండొచ్చు.

ఈ ఆశ్చర్యం పీసీలో కొన్నవాళ్లకే దక్కుతుంది. కన్సోల్ ప్రతిలో సంగీతం ఉంటుంది గానీ ఫోల్డర్ తెరిచి చూసే వీలుండదు.

ఇంకోటి, ఎక్కువమంది గమనించనిది: నింటెండో 64 అనే పాత గేమ్ కన్సోల్ కోసం వచ్చిన క్వేక్‌ను ఉచిత యాడ్-ఆన్‌గా ఇచ్చారు. క్యాట్రిడ్జిలో సీడీ ఆడియోకి చోటుండదు కాబట్టి ఆ ప్రతికి ఆబ్రీ హాడ్జెస్ వేరే సంగీతం చేశారు. అవే గదులు, అవే మలుపులు, భయం మాత్రం వేరు. రెజ్నర్ సంగీతంలో ఎవరో వెంబడిస్తున్నట్టు ఉంటుంది, హాడ్జెస్ సంగీతంలో అసలు ఎవరూ లేనట్టు ఉంటుంది. రెండోదే ఎక్కువ భయపెట్టిన సందర్భాలున్నాయి.

ఇక, ఇన్నేళ్ల తర్వాత మొదట్లో ఉన్న ఉత్సాహమంతా అలాగే ఉందా అంటే, కొంచెం సవరించి చెప్పాలి. క్వేక్ చెవితో ఆడే ఆట కూడా. పై అంతస్తులో ఓగర్ అనే రాక్షసి రంపం ఈడుస్తూ తిరుగుతోందా, అది విసిరిన గ్రెనేడు మెట్ల మీద టంగు టంగుమంటూ మన వైపే దొర్లుతోందా, వెనక జోంబీ లేస్తోందా: ఇవి వినపడకపోతే ప్రాణం పోతుంది. సంగీతం గట్టిగా పెడితే వీటిలో కొన్ని మునిగిపోతాయి. మొదట్లో మ్యూజిక్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి ఆడేవాణ్ని. ఇప్పుడు సగానికి కాస్త కిందే ఉంచుతున్నాను. అన్నిటికన్నా కష్టమైన నైట్‌మేర్ స్థాయిలో ఆడేటప్పుడైతే పూర్తిగా తీసేస్తున్నాను. ఒకే లెవెల్లో పదేపదే చచ్చి మళ్లీ మొదలుపెడుతుంటే అదే ట్రాకు అదే పనిగా తిరిగి భయం కాస్తా తలనొప్పి అవుతుంది. కొత్త లెవెల్‌ను మొదటిసారి చూస్తున్నప్పుడు మాత్రం సంగీతం లేకుండా ఆడను.

సంగీతంలో చూపిన విధేయత బొమ్మల్లో అంతగా కనిపించలేదు. మెరుగుపరిచిన మోడల్స్ చూడటానికి నున్నగా ఉన్నాయి గానీ, తక్కువ రిజల్యూషన్‌లో ఓగర్ మొహం ఏమిటో సరిగ్గా తెలియకపోవడంలోనే నాకు సగం భయం ఉండేది. ఆ సెట్టింగు ఆపేసుకునే వీలు ఇచ్చారు, ఆపేశాను. అలా ఆపే వీలు ఇవ్వడం వల్లే ఈ పునర్విడుదల మీద నాకు గౌరవం నిలిచింది.

ఆ గౌరవం విలువ నాకు మరో పాత షూటర్ వల్ల బాగా తెలిసింది. దాన్ని డిజిటల్‌గా కొని ఇష్టంగా ఆడుకునేవాణ్ని. కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు, అప్‌డేట్ దానంతటదే దిగిపోయింది. సేవ్ చేసుకున్న ఆటలు తెరుచుకోలేదు, నేను వాడే మాడ్‌లు (అభిమానులు చేసిన మార్పులు) పనిచేయలేదు, సంగీతం కూడా 'మెరుగైంది'. పాత ప్రతికి వెనక్కి వెళ్లే దారి వెతికాను, ఇవ్వలేదు. నా డబ్బుతో కొన్నదాన్ని నన్ను అడగకుండా మార్చేశారన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. 2023 నవంబరులో హాఫ్-లైఫ్ అనే మరో షూటర్‌కు 25 ఏళ్ల అప్‌డేట్ వచ్చినప్పుడు, దాన్ని చేసిన వాల్వ్ పాత వెర్షన్‌ను కూడా కావలసినవాళ్లు ఎంచుకునేలా వేరే బ్రాంచిగా ఉంచింది. చేయాలనుకుంటే చేయొచ్చు, అంత కష్టమైన పనేమీ కాదు.

అసలు అమ్మకంలోనే లేని వాటి సంగతి వేరు. 2000లో వచ్చిన నో వన్ లివ్స్ ఫరెవర్ అనే ఆట హక్కులు ఎవరి దగ్గర ఎంత ఉన్నాయో తేలక, నైట్‌డైవ్ ప్రయత్నించి కూడా వదిలేసుకోవాల్సి వచ్చింది. 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ తన పాత అన్‌రియల్ షూటర్ ఆటలను అమ్మకం నుంచే తీసేసింది. అలాంటి వాటితో పోలిస్తే క్వేక్ అదృష్టవంతురాలు. సోర్స్ కోడ్ బయట ఉంది, హక్కుల చిక్కు లేదు, చేసినవాళ్లకు ఆటంటే ప్రేమ ఉంది. ఇదే కొలతతో అన్ని పునర్విడుదలలనూ కొలవడం న్యాయం కాదేమో.

మరి కొనాలా? నేను ఒంటరిగా, ఎక్కువగా రాత్రిళ్లు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడతాను. అభిమానుల లెవెల్స్ మీద మక్కువ ఎక్కువ. అలాంటివాళ్లు పీసీ ప్రతి కొనండి, ముందుగా మ్యూజిక్ ఫోల్డర్‌ను ఇంకోచోట భద్రంగా కాపీ చేసుకోండి. డెత్‌మ్యాచ్ (ఇతర ఆటగాళ్లతో పోటీ) కోసమే ఆడేవాళ్లకు ఈ సంగీతంతో పెద్దగా పని ఉండదు, నా మాటలు పక్కన పెట్టేయొచ్చు. అసలు సీడీ దాచుకుని దాని ట్రాకులు ఎప్పుడో ఫైళ్లుగా రిప్ చేసుకున్నవాళ్లకు ఈ విషయంలో కొత్తగా ఒరిగేది తక్కువే, హాడ్జెస్ సంగీతం తప్ప. చిన్న స్పీకర్లతో ఆడేవాళ్లు ఒకసారి హెడ్‌ఫోన్స్‌తో విని చూశాకే నిర్ణయించుకోండి. ఆ గుసగుసల్లో చాలా భాగం చిన్న స్పీకర్లలో వినపడదు.