చిగుళ్ల ఆపరేషన్, ఎముక పొడి: నల్గొండలో నేను చేయించుకున్న చికిత్స

క్లినిక్ నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గరలో, మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మా దేవరకొండ, మర్రిగూడ వైపు పళ్లకు ఏ జబ్బు వచ్చినా నేరం ఫ్లోరైడ్ నీళ్ల మీదకే పోతుంది. ఇక్కడి డాక్టరు మొదటి రోజే తేల్చి చెప్పారు: ఫ్లోరైడ్ పంటి పైపొరను మచ్చలు చేస్తుంది, మితిమీరితే ఒంట్లో ఎముకలను పాడుచేస్తుంది, నా పళ్లు కదలడానికి కారణం మాత్రం చిగురు కింద పేరుకున్న గార, దానికి తోడు షుగరు. సన్నని కొలతపుల్ల చిగురులోకి దింపి చూశారు. ఆరోగ్యంగా ఉంటే 3 మిల్లీమీటర్లకు మించి దిగకూడదట. నా కింది దవడ పన్ను దగ్గర 8 దిగింది.

అప్పటికప్పుడు ఆపరేషన్ అనలేదు. ముందు వేళ్ల దాకా గార తీశారు, మూడు నెలల సగటు షుగరు పరీక్ష రాశారు. అది 7 శాతం లోపు వచ్చి, చిగుళ్ల వాపు తగ్గాకే కత్తి పట్టారు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ముందు పళ్లు రెండూ కదులుతున్నాయి కదా, వాటికీ ఎముక పొడి, అంటే ఎముక కరిగిన చోట నింపే రేణువులు, వేయమని అడిగాను. వద్దన్నారు. దవడ పన్ను పక్కన ఎముక గుంటలా కరిగింది, చుట్టూ గోడలున్నాయి, పొడి నిలుస్తుంది. ముందు పళ్ల దగ్గర ఎముక అంతా సమంగా కిందికి దిగిపోయింది, అక్కడ పోస్తే డబ్బు దండగ అన్నారు. వాటికి వెనకవైపు తీగ కట్టి వదిలేశారు. అమ్మకానికి వచ్చిన బేరాన్ని వద్దనేవారిని మా విత్తనాల వ్యాపారంలో నేను పెద్దగా చూడలేదు.

ఆపరేషన్‌లో చిగురు విప్పి, కుళ్లిన కండ గీకి, గుంటలో కాల్షియం ఫాస్ఫేట్ రేణువులు నింపి, పైన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన పొర కప్పి కుట్టారు. ఆ రేణువులే ఎముకగా మారిపోవు. అవి ఊతం మాత్రమే, పని మన కణాలది. పొర ఎందుకంటే చిగురు తొందరగా పెరిగి గుంటలోకి జారుతుంది, ఎముక నిదానంగా పెరుగుతుంది. మిర్చి మొక్కకు చోటు మిగలాలని కలుపు మీద మల్చింగ్ షీటు పరిచినట్టన్నమాట. తర్వాత ఆ పొర దానంతటదే కరిగిపోతుంది.

ఇక తప్పు. విత్తనాలు అమ్మేవాణ్ని, ప్యాకెట్టు మీది అచ్చు చదవకుండా ఉండలేను. విప్పే ముందు చూపించమన్నాను. రేణువులు కృత్రిమమైనవే, కానీ పొర పశువుల నుంచి తీసినదని ఉంది. ఆ మాట అప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితంలోనూ లేదు. నాకు పట్టింపు లేదు. మా అత్తగారైతే కుర్చీ దిగి వచ్చేసేవారు. ఈ సరుకుల్లో పశువులవి, పందివి, దానం చేసిన మనిషి ఎముకవి, పూర్తిగా కృత్రిమమైనవి అన్నీ ఉంటాయి. ఏది వేస్తున్నారో రోగికి ముందే చెప్పాలి. ఏ బ్యాచ్ సరుకో తెలిపే లాట్ నంబరు స్టిక్కరు అడిగితే మాత్రం వెంటనే నా ఫైలులో అంటించారు.

ఒక్క పన్నుకు 16,000 రూపాయలైంది. కుట్లు విప్పేదాకా ఆ వైపు బ్రష్ పెట్టనివ్వలేదు, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలింతే. జొన్నరొట్టె మానేసి అంబలి, పెరుగన్నంతో గడిపాను. నోరు చప్పబడింది తప్ప నొప్పి భరించలేనంత లేదు.

వెంటనే తీసిన ఎక్స్‌రేలో గుంట తెల్లగా నిండి కనిపిస్తే సంబరపడ్డాను. అది మేం పోసిన పొడే, కొత్త ఎముక కాదు అని డాక్టరు నవ్వారు. ఆరు నెలలు దాటేదాకా కొలతపుల్ల ముట్టించలేదు. ఆ తర్వాత 4 మిల్లీమీటర్లు దిగింది, రక్తం రాలేదు. ఆ వైపు నమలగలుగుతున్నాను.

మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకోవాలి, దానికి ఫీజు వేరు. ఆ సంగతి బిల్లు కట్టాక చెప్పారు. మీరు వెళ్తే కట్టకముందే అడగండి. సిగరెట్టు, జర్దా అలవాటు ఉన్నవారికి అవి మానేదాకా ఈ పొడి వేయరట.