మూడేళ్లకు పైగా ఏఐతో కోడ్ రాయించాక: పలాస పిక్కల బస్తా నేర్పింది

పదిహేడేళ్లుగా ప్రోగ్రామింగే నా బతుకుతెరువు. శ్రీకాకుళంలో ఇంటి నుంచే పలాస, కాశీబుగ్గ జీడి వ్యాపారులకు స్టాక్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. 2022 జూన్‌లో కోడ్ రాయడంలో సాయపడే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు ఏఐ వాడకం మొదలుపెట్టాను. ఏడాదిన్నరగా మాత్రం ఫైళ్లు తనే చదివి, తనే మార్చే వేరే టూల్ వాడుతున్నాను. నెలకు 20 డాలర్లు.

రిపోర్టులు, ఎక్సెల్ ఫైళ్లు, డేటాబేస్ స్క్రిప్టులు గంటలో అయిపోతున్నాయి. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన పీహెచ్‌పీ కోడ్‌ని విడమరచి చెప్పడంలోనూ దీనికి సాటి లేదు.

దెబ్బ తగిలింది పిక్కల (పెంకు తీయని జీడి గింజల) కొనుగోలు దగ్గర. బస్తాలను కిలోల్లోకి మార్చే చోట ఏఐ బస్తాకి 50 అని రాసుకుంది. కోడ్ శుభ్రంగా ఉంది, అది సరైన జవాబు ఇస్తుందో లేదో చూసే టెస్టులన్నీ పాసయ్యాయి. ఆ టెస్టులు రాసిందీ అదే, వాటిలోనూ 50 అనే ఉంది. రాత్రి పదకొండింటికి టెన్షన్‌లో, చదవకుండానే పంపించేశాను. తెల్లారేసరికి గుమస్తా ఫోన్: "బాబూ, ఇదేటి లెక్క? పిక్కల బస్తా 80 కిలోలు కదా!" ఉద్దానంలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. చదివి ఉంటే అర నిమిషంలో పట్టుకునేవాణ్ణి. తప్పు నాదే.

2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధనా సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లతో, వాళ్లకు బాగా అలవాటైన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం ముందే అయిందనుకున్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నాకు కొట్టినపిండి అయిన కోడ్‌లో దానికి విషయం చెప్పి, రాసింది సరిదిద్దేలోపు నేనే రాసేయగలను.

అందుకే ఇప్పుడు తూకం, ధర, పన్ను లెక్కలు చేత్తోనే రాస్తాను. టెస్టులో రావాల్సిన జవాబు నేనే ముందు వేస్తాను. మిగతాది దానికి వదిలి, వచ్చిన ప్రతి లైనూ చదువుతాను. పనితనం ఉన్నవాళ్లు నిక్షేపంగా వాడొచ్చు, చదివే ఓపిక ఉంటేనే.

కొత్తవాళ్ల సంగతి వేరు. నా దగ్గర చేరిన ఆమదాలవలస కుర్రాణ్ణి ఆరు నెలలు ఏఐ ముట్టుకోవద్దన్నాను. పాపం, మొదట్లో బాధపడ్డాడు. మొన్న ఏఐ రాసిన బిల్లు కోడ్ ఇచ్చి చూడమంటే, "సార్, డబ్బుకి ఫ్లోట్ (దశాంశాలను సుమారుగా దాచుకునే పద్ధతి) వాడిందండి. 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు కదా" అన్నాడు.