కన్సెక్యూటివ్, కంటిన్యువస్: రెండూ ఒకటేనా?

"మూడు రోజులు కంటిన్యువస్‌గా ఆఫీసుకెళ్లాను" అనేస్తాం కానీ, రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాం కదా, అక్కడ సరిపోయే మాట కన్సెక్యూటివ్.

కన్సెక్యూటివ్ మూలం లాటిన్‌లో 'వెంట రావడం' అనే అర్థమున్న 'సెక్వి'. సీక్వెన్స్, సీక్వెల్ దీని చుట్టాలే. కంటిన్యువస్ మాత్రం 'కలిపి పట్టి ఉంచడం' అనే అర్థమున్న 'కంటినేరె' నుంచి వచ్చింది, రోడ్డు మీద లారీల్లో కనిపించే కంటైనర్‌కీ అదే పుట్టిల్లు (నాకైతే ఇది భలే సరదాగా అనిపిస్తుంది).

అంటే కన్సెక్యూటివ్‌లో ఒకదాని వెనక ఒకటి వస్తే చాలు, మధ్యలో విరామం ఉన్నా పర్లేదు, అదే వరసకి చెందినది ఇంకోటి దూరకూడదంతే. క్రికెట్‌లో హ్యాట్రిక్ చూడండి: 1988లో బ్రిస్బేన్ టెస్టులో వెస్టిండీస్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్ ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో తన చివరి బంతికి ఒక వికెట్, రెండో ఇన్నింగ్స్‌లో తన మొదటి రెండు బంతులకి రెండు వికెట్లు తీశాడు. మధ్యలో వెస్టిండీస్ ఇన్నింగ్స్ మొత్తం గడిచింది, అయినా అవి అతని కన్సెక్యూటివ్ బంతులే.

కంటిన్యువస్‌కి సందు ఉండకూడదు. తెలుగులో ఈ తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది: వరసగా మూడు రోజులు వాన పడితే మధ్యలో బట్టలు ఆరేసుకోవచ్చు, మూడు రోజులు ఎడతెరిపి లేకుండా పడితే ఆ ఆశ కూడా లేదు.