సిడ్నీ ఫైనల్‌ను చూపిన యాప్: ఆటకు మెప్పు, ప్రకటనలకు మొట్టికాయ

2023 ఆగస్టు 20న సిడ్నీలోని స్టేడియం ఆస్ట్రేలియాలో స్పెయిన్, ఇంగ్లాండ్ తలపడిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌ను నేను చందా కట్టిన ఒక స్ట్రీమింగ్ యాప్‌లో చూశాను. మన కాలమానం ప్రకారం ఆదివారం మధ్యాహ్నం 3.30కు మొదలైన ఆట చివరిదాకా మసకబారకుండా వచ్చింది. 29వ నిమిషంలో ఇంగ్లాండ్ క్రీడాకారిణి లూసీ బ్రాంజ్ మైదానం నడుమ బంతి పోగొట్టుకోగానే, ఆమె వదిలి వచ్చిన వైపునకే స్పెయిన్ దాడిని మళ్లించిన తీరు, ఆ జట్టు క్రీడాకారిణి ఓల్గా కార్మోనా ఎడమ కాలితో నేలబారుగా కొట్టిన బంతి అవతలి మూలకు చేరిన తీరు రీప్లేలో చక్కగా అర్థమయ్యాయి. ఆ మ్యాచ్‌లో పడిన గోల్ అదొక్కటే.

అయితే, ఇంగ్లాండ్ క్రీడాకారిణి కీరా వాల్ష్ చేతికి బంతి తగిలిందా లేదా అని రిఫరీ టోరీ పెన్సో వీడియో పరిశీలిస్తున్నప్పుడే యాప్ ప్రకటనలు మొదలుపెట్టింది. తెర తిరిగి వచ్చేసరికి అందుకు స్పెయిన్‌కు దక్కిన పెనాల్టీని హెర్మోసో కొట్టడం, దాన్ని ఇంగ్లాండ్ గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్ ఒడిసిపట్టేయడం అయిపోయాయి. డబ్బు కట్టినవారికీ ఈ బెడద తప్పకపోవడం అన్యాయం. తెలుగు వ్యాఖ్యానం ఊసే లేదు (క్రికెట్‌కు మాత్రం దొరుకుతుంది లెండి). చిత్ర నాణ్యత కోసమైతే తీసుకోవచ్చు. ఏడాది చందా కన్నా నెల చందాయే మేలు.