గడ్డకట్టే చలిలోకి మన క్యారవాన్: నీళ్లను వెచ్చగా ఉంచడమా, మందు పోయడమా, ఖాళీ చేయడమా – ఏది మేలు?

జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని పట్టుకొని ఉత్తరం దిక్కుగా పోతూనే ఉంటే హైదరాబాద్, నాగపూర్, ఢిల్లీ, జమ్మూ దాటి శ్రీనగర్ చేరుకోవచ్చు. ఆ ధైర్యంతోనే మన పాలమూరు, నల్లగొండ వైపు నుంచి కూడా, పడకలూ వంటగదీ అమర్చుకున్న సొంత వ్యాన్లలో మంచు చూడడానికి బయలుదేరేవారు ఉన్నారు. అయితే ఈ వ్యాన్లను తయారుచేసే మన షెడ్లలో నీళ్ల ఏర్పాటంతా మన ఎండలకు తగ్గట్టే చేస్తారు. లోపల జాగా కలిసివస్తుందని ట్యాంకును కింద చాసిస్‌కు వేలాడదీస్తారు, పైపులను ఫ్లోరు కింద నుంచే లాగుతారు, పంపును వెనుక తలుపు పక్కన ఏదో మూలకు బిగిస్తారు. మన దగ్గర చలి ఎంత ముదిరినా నల్లాలో నీళ్లు గడ్డకట్టవు కనుక, గడ్డకడితే ఏమవుతుందన్న ప్రశ్న తయారుచేసేవారికీ రాదు, చేయించుకునేవారికీ రాదు.

మాకూ రాలేదు. మా బావగారి వ్యానులో రెండు కుటుంబాలం జనవరిలో వెళ్లినప్పుడు, శ్రీనగర్ అవతల ఒక రాత్రి ఆగి, తెల్లారి నల్లా తిప్పితే చుక్క రాలేదు. ఎండెక్కితే అదే కరుగుతుందిలే అనుకున్నాం, కానీ తిరుగు ప్రయాణంలో బనిహాల్ సొరంగం దాటి కిందికి దిగేదాకా అది కరగలేదు. ఉధంపూర్ దగ్గర టీ తాగుతుండగా మా అక్క పడక కింద నుంచి నీళ్లు కారుతున్నాయని అరిచింది. ఫిల్టరు గిన్నె అడుగున వెంట్రుకవాసి పగులు ఉంది. పంపు ఆ పగులులోంచి పరుపుల మీదికి నీళ్లు చిమ్ముతోంది. గడ్డకట్టిన రోజున నష్టం కనిపించదు. పగిలినచోట మంచే బిరడాలాగా అడ్డుపడి ఉంటుంది కనుక, అది కరిగిన రోజున, తరచుగా వందల కిలోమీటర్ల అవతల, అసలు సంగతి బయటపడుతుంది. ఆ తర్వాతి ఏడు మళ్లీ వెళ్లే ముందు మూడు పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నాను. ఆ బేరీజే ఇది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. అందరి భయమూ ట్యాంకు మీదే ఉంటుంది, కానీ మొదట గడ్డకట్టేది ట్యాంకు కాదు. 20 డిగ్రీల వేడిమి ఉన్న 100 లీటర్ల నీరు, ఏ కప్పూ లేని ట్యాంకులో, బయట మైనస్ 10 ఉన్నా సున్నాకు దిగేసరికి నా లెక్క ప్రకారం దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది. ఆ తర్వాత అది మంచుగా మారాలంటే దానికి నాలుగింతల వేడిని కోల్పోవాలి. అదే చలిలో అరంగుళం పైపులో ఉన్న గుక్కెడు నీళ్లు రెండు మూడు గంటల్లో కట్టెలాగా బిగుసుకుపోతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ మంచు రెండు వైపుల నుంచి పెరుగుతూ వచ్చి, మూసి ఉన్న నల్లాకూ తనకూ మధ్య చిక్కుకున్న నీటిని నొక్కుతుంది. అందుకే పైపు చాలాసార్లు మంచు ఉన్నచోట కాకుండా, దానికి కొంచెం అవతల, ఏ జాయింటు బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. మన షెడ్లలో ఎక్కువగా వాడే సీపీవీసీ పైపు చలికి పెళుసుబారుతుంది. పెక్స్ అనే మెత్తటి ప్లాస్టిక్ పైపు సాగి తట్టుకోగలదు కానీ దాని జాయింట్లు తట్టుకుంటాయన్న నమ్మకం లేదు. కనుక కాపాడుకోవలసింది పంపు తల, ఫిల్టరు గిన్నె, షవరు మిక్సరు, గీజరు, ఇంకా ఫ్లోరు కింది పైపులు. ట్యాంకు వంతు వీటన్నిటి తర్వాతే వస్తుంది.

మొదటి పద్ధతి నీళ్లను నింపే ఉంచి, వెచ్చగా కాపాడుకోవడం. ట్యాంకుకు నైట్రైల్ ఫోమ్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే రబ్బరు పొర, చుట్టి, అడుగున 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్ అతికించి, పైపుల వెంట వేడి కేబుల్ లాగుతారు. దీనిలో ఉన్న సుఖం కాదనలేనిది: పొద్దున లేచి నల్లా తిప్పితే నీళ్లొస్తాయి, పిల్లలు మామూలుగా ముఖం కడుక్కుంటారు. కానీ ఈ సుఖానికి వెల కరెంటు రూపంలో కట్టాలి. సుమారు 100 లీటర్లు పట్టే ట్యాంకుకు 25 మిల్లీమీటర్ల ఫోమ్ చుట్టితే, బయట మైనస్ 10 ఉన్నప్పుడు లోపలి నీటిని 5 డిగ్రీల దగ్గర నిలపడానికి 30 వాట్ల దాకా సరిపోతుంది. అదే ట్యాంకును ఉత్తగా వదిలేస్తే 200 వాట్లకు దగ్గరగా కావాలి, గాలి వీస్తే ఇంకా ఎక్కువ. ఈ లెక్కను బట్టి ఫోమ్ లేకుండా ప్యాడ్ పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ట్యాంకు సంగతి ఇలా తేలిగ్గా తీరినా, పైపుల వెంట లాగే కేబుల్ మీటరుకు 10 నుంచి 15 వాట్లు తాగుతుంది. ఎనిమిది మీటర్లకు 100 వాట్లనుకున్నా, అక్కడి పద్నాలుగు గంటల చలికాలపు రాత్రికి ఒక్క కేబులే 1.4 యూనిట్లు లాగుతుంది, ట్యాంకుతో కలిపితే 1.8 యూనిట్లు దాటుతుంది. 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో నిండుగా ఉన్నా రెండున్నర యూనిట్లే ఉంటాయి. పైగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సున్నాకు దిగువన ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చలికి తన సత్తువలో చెప్పుకోదగ్గ భాగాన్ని పోగొట్టుకుంటుంది. పైకప్పు మీది సోలార్ పలకపై మంచు పేరుకొని ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి, చలి ముదిరే వేళకే, బ్యాటరీ చేతులెత్తేస్తే అంతదాకా పెట్టిన కరెంటంతా దండగ అవుతుంది. రాత్రంతా ప్లగ్గు పెట్టుకోవడానికి హోటలు ఆవరణలో కరెంటు దొరికేవారికి, ట్యాంకూ పైపులూ అన్నీ ఫ్లోరుకు పైనే ఉండి వాటితోపాటు డీజిల్ హీటరు కూడా ఉన్నవారికి ఈ పద్ధతి నిజంగా బాగుంటుంది. మిగిలినవారికి ఇది జూదమే.

రెండవది మందు పోయడం. చలిదేశాల్లో క్యారవాన్లను చలికాలమంతా మూలకు పెట్టే ముందు, నీళ్లన్నీ తీసేసి పైపుల నిండా ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన గులాబీ రంగు ద్రవం నింపుతారు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉంది. మన ఊళ్లో ‘కూలెంట్’ అని అడిగితే దుకాణంవారు ఇచ్చేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, అంటే రేడియేటరులో పోసేది. అది విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, రుచికి తియ్యగా ఉంటుంది కనుక పిల్లల విషయంలో మరింత ప్రమాదం. ముఖం కడుక్కునే, బియ్యం కడిగే పైపులోకి అది ఒక్క చుక్క కూడా పోకూడదు. ప్రొపిలీన్ గ్లైకాల్ పేరుతో కొన్నదాని మీద కూడా కన్ను వేసి ఉంచాలి, అందులోనూ ఇలాంటి విషం కలిసి ఉండవచ్చు. 2022లో గాంబియాలో పిల్లల మరణాలతో ముడిపడిన దగ్గు మందుల్లో ఇథిలీన్ గ్లైకాల్, దాని జాతిదే అయిన డైఇథిలీన్ గ్లైకాల్ కలిశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. అందుకే ఆహార లేదా ఔషధ స్థాయిదని పరీక్ష పత్రంతో వచ్చే సీలు డబ్బా తప్ప, లూజుగా కొలిచి ఇచ్చేదాన్ని కొనకూడదని నా అభిప్రాయం.

సగానికి సగం నీళ్లు కలిపిన ప్రొపిలీన్ గ్లైకాల్ సుమారు మైనస్ 33 దాకా గడ్డకట్టదు. అయితే పైపుల్లో, ముఖ్యంగా గీజరులో, పాత నీళ్లు మిగిలి ఉంటే అవి కలిసి మందు పలుచనై, ఆ రక్షణ తగ్గిపోతుంది. గీజరులోకి పోకుండా పక్కకు మళ్లించే బైపాస్ వాల్వు లేకపోతే దాన్ని నింపడానికే ఇరవై లీటర్లు ఖర్చవుతుంది. వీటన్నిటినీ మించిన అభ్యంతరం మరొకటి ఉంది: మందు నింపిన పైపును వాడుకోలేం. వాడుకోవాలంటే కడగాలి, కడిగితే రక్షణ పోతుంది. నాలుగు నెలలు కదలకుండా ఉండే బండికి ఇది ఉత్తమం కావచ్చు. పన్నెండు రోజుల్లో తిరిగి నల్లగొండకు రావలసిన బండికి మొత్తం పైపులను మందుతో నింపడం అనవసరపు ఖర్చు. ఒక్క పనికి మాత్రం దీనికి సాటి లేదు. సింకు కింద, బాత్రూము కింద ఉండే యు-బెండులో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి, వాటిని తీసేస్తే వాడిన నీళ్ల ట్యాంకు వాసన లోపలికి కొడుతుంది. అక్కడ తలా పావు లీటరు, వాడిన నీళ్ల ట్యాంకులో రెండు లీటర్లు పోస్తే సమస్య తీరుతుంది.

మూడవది, నేను మొగ్గేది, ఖాళీ చేయడం. జమ్మూ దాకా నీళ్లను మామూలుగా వాడుకొని, కొండ ఎక్కే ముందు మొత్తం వ్యవస్థను ఎండగట్టి, చలిలో ఉన్న నాలుగైదు రోజులూ లోపల పెట్టుకున్న 20 లీటర్ల క్యాన్లతో గడుపుకోవడం. దీనికి కరెంటు అక్కరలేదు, మందు దాదాపు అక్కరలేదు, అర్ధరాత్రి చెడిపోయే వస్తువంటూ ఏమీ లేదు. కశ్మీరులో డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే చిల్లై కలాన్ అనే గడ్డు చలి రోజుల్లో శ్రీనగర్‌లోని ఇళ్ల పైపులే గడ్డకడుతుంటే, ఫ్లోరు కింద వేలాడే మన పైపులు తట్టుకుంటాయనుకోవడం అత్యాశ.

అయితే ఖాళీ చేయడమంటే ట్యాంకు మూత విప్పి వదిలేయడం కాదు. మన తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ముందు గీజరు స్విచ్ ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, వేడి, చల్ల నల్లాలన్నీ తెరిచి ఒత్తిడి తగ్గించాలి, ఆ తర్వాతే గీజరు డ్రెయిన్ విప్పాలి. మన బోరు నీళ్లతో ఏడాది తిరిగిన గీజరులో సుద్ద పేరుకొని, ఆ డ్రెయిన్ రంధ్రం సగం పూడుకుపోయి ఉంటుంది. ధార ఆగిపోయింది కదా అని మూత బిగిస్తే అడుగున రెండు లీటర్లు అలాగే ఉండిపోతాయి. కట్టు తీగను లోపలికి పెట్టి కదిపితే తెల్లటి పెళ్లలతో కలిసి మిగతా నీళ్లు దూకుతాయి. ఈ కారణం వల్లనే ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు బోరు నీళ్లకు బదులు మిషన్ భగీరథ నీళ్లు నింపుకోవడం మేలు. ఫిల్టరు గిన్నె విప్పి క్యాట్రిడ్జ్ తీసి లోపల పెట్టుకోవాలి, షవరు గొట్టాన్ని కిందికి వేలాడదీయాలి, పంపును అర నిమిషం ఉత్తగా తిప్పి దాని తలలోని నీటిని కక్కించాలి.

చివరగా గాలి పట్టాలి. ఇది చేయకపోతే పైపు వంపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. 30 నుంచి 40 పీఎస్ఐ చాలు, అంటే కారు టైరులో ఉండేంత. రెండవసారి వెళ్లినప్పుడు దారిలో ఒక పంక్చర్ షాపులో ఈ పని చేయించబోతే, నేను వద్దంటుండగానే ఆ కుర్రవాడు లారీ టైరు గాలి పట్టే గొట్టాన్ని అలాగే తగిలించాడు. వందకు పైన ఉన్న గాలి పోయి సింకు కింది జాయింటు టపాకాయలాగా ఊడిపోయింది. మా బావగారు నా వైపు తిరిగి, “గింత గాలికే గిట్లయితే మంచుకు ఏం ఆగుతదిరా?” అన్నారు. అప్పటి నుంచి చిన్న రెగ్యులేటరొకటి వెంట తీసుకుపోతున్నాం. అన్ని నల్లాలూ మూసి గాలి పట్టకూడదు. అన్నిటికంటే దూరపు నల్లా ఒక్కటి తెరిచి, అందులోంచి తుంపరలు ఆగి ఉత్త గాలి వచ్చేదాకా చూసి, దాన్ని మూసి తర్వాతిదానికి రావాలి. పని ముగిశాక నల్లాలన్నిటినీ సగం తెరిచే ఉంచాలి.

ఖాళీ పద్ధతిలో కష్టం లేదని చెప్పను. పొద్దున్నే క్యాను వంచి చెంబులోకి పోసుకోవాలి, ఆడవాళ్లకు బాత్రూములో ఇబ్బంది తప్పదు, గిన్నెలు తోమడం తగ్గించుకోవాలి. మనిషికి రోజుకు తొమ్మిది లీటర్ల చొప్పున నలుగురికి రెండు క్యాన్లు సరిపోతాయి, మర్నాటికి హోటల్లోనో ధాబాలోనో నింపుకోవచ్చు. క్యాన్లను పడకల కింద, మనుషుల వెచ్చదనం తగిలేచోట పెట్టి, ఒక్కొక్కదానిలో 18 లీటర్లే పోయాలి. ఒకవేళ గడ్డకట్టినా ఉబ్బడానికి చోటుంటుంది. నీళ్లు కాచుకోవడానికి గ్యాసును మాత్రమే నమ్ముకోవద్దు. మన వంట గ్యాసులోని బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది కనుక, సిలిండరు బయటి పెట్టెలో ఉంటే పొద్దున మంట దీపంలా మినుకుమినుకుమంటుంది.

అందువల్ల హోటలు కరెంటు ఖాయంగా ఉన్నవారు వెచ్చగా ఉంచే పద్ధతికి, బండిని నెలల తరబడి చలిలోనే వదిలి రావలసినవారు మందుకు పోవచ్చు. ఇక్కడి నుంచి పది, పన్నెండు రోజులకు వెళ్లి వచ్చే కుటుంబానికి పైపులు ఖాళీ, యు-బెండులో గ్లైకాల్, పడక కింద క్యాన్లు అన్న కలయికే తగినది. ఫోమ్ మీద పెట్టిన డబ్బు మాత్రం వృథా కాదు. మే నెలలో నల్లగొండ ఎండకు ట్యాంకు నీళ్లు చేయి కాలేలా వేడెక్కకుండా అదే ఫోమ్ ఆపుతుంది.

తిరుగు ప్రయాణంలో జమ్మూ చేరాక ట్యాంకును వెంటనే నిండా నింపవద్దు. విప్పినవన్నీ బిగించి, ఇరవై లీటర్లు పోసి, నల్లాలన్నీ మూసి పంపు వేయండి. ఒత్తిడి నిండగానే అది ఆగుతుంది. ఇంజను ఆపి, మాటలు ఆపి, పది నిమిషాలు చెవి పెట్టండి. ఎవరూ నల్లా ముట్టకుండానే పంపు మళ్లీ ‘టుర్’మంటే ఎక్కడో కారుతున్నట్లే. అప్పుడు టార్చి పట్టుకొని పరుపులు ఎత్తాలి.