లివర్‌లో ఈహెచ్ఈ అనే అరుదైన క్యాన్సర్: వెంటనే లివర్ మార్పిడా, ఆగి చూడటమా? ఏది మేలు?

గాల్‌బ్లాడర్‌లో రాళ్లేమో అని మా అక్కకి అల్ట్రాసౌండ్ తీయిస్తే, రాళ్లు లేవు గానీ లివర్‌కి రెండు వైపులా కలిపి పదకొండు గడ్డలు కనపడ్డాయి. ఎక్కడి నుంచో పాకిన క్యాన్సర్ అనుకుని ఎండోస్కోపీ, మామోగ్రామ్, పెట్ స్కాన్ అన్నీ చేయించారు, ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి బయాప్సీలో తేలింది, ఎపిథెలాయిడ్ హేమాంజియోఎండోథీలియోమా అని. నోరు తిరగక అందరూ ఈహెచ్ఈ అంటారు. రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్, పది లక్షల మందిలో ఒకరికి ఉంటుందంటారు.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పార్టీలు. బావేమో "నా లివర్‌లో ముక్క ఇస్తా, వచ్చే నెలే మార్పిడి చేయించేద్దాం" అని. అమ్మేమో "ఒక్క నొప్పి లేని పిల్ల, పొట్ట ఎందుకు కోయించాలిరా" అని. మధ్యలో రిపోర్టులూ పేపర్లూ చదివే పని నాకు పడింది.

అసలు ఈ గొడవలోకి దిగేముందు చేయాల్సింది ఒకటుంది, పేరు ఖాయం చేసుకోవడం. దీనికి యాంజియోసార్కోమా అని ఒక దాయాది ఉంది. అదీ రక్తనాళాలదే, లివర్‌లోనూ వస్తుంది, కానీ చాలా వేగం, మార్పిడి చేసినా నెలల్లోనే తిరగబడుతుంది కాబట్టి దానికి మార్పిడి చేయరు. రెండూ పొరపడే అవకాశం ఉంది. అందుకే బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) తీసుకెళ్లి, సార్కోమాలు, అంటే కండ, ఎముక, రక్తనాళాల లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు చూసే ఇంకో పాథాలజిస్టుకి చూపించాం. ఈహెచ్ఈ ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిది మందిలో డబ్ల్యూడబ్ల్యూటీఆర్1, కామ్టా1 అనే రెండు జన్యువులు అతుక్కుని ఉంటాయి, ఆ ముక్కకి కామ్టా1 స్టెయిన్ అనే రంగు పరీక్ష చేస్తే అది బయటపడుతుంది. మాది పాజిటివ్. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు.

గడ్డ ఒకటే ఉన్నా, ఒక వైపే ఉన్నా ఆ భాగం కోసేయడం మేలు, దాని మీద పెద్ద వాదన లేదు. ఎక్కువ మందికి అక్కలాగే లివరంతా చల్లినట్టు ఉంటాయి, చిక్కంతా అక్కడే.

బావ వాదనకి బలం లేకపోలేదు. 2006లో 434 మంది కేసులు కలిపి చూసిన ఒక పేపర్లో మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 54.5 శాతం, ఏ వైద్యమూ లేనివాళ్లలో 4.5 శాతం. ఆ అంకె చూసిన రాత్రి నాకు నిద్ర లేదు. తర్వాత ఆలోచిస్తే, వైద్యం లేనివాళ్లంటే ఎవరు? వైద్యం తట్టుకోలేని స్థితిలో వచ్చినవాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉంటారు కదా. హాయిగా తిరుగుతూ మూడు నెలలకోసారి స్కాన్ తీయించుకునే మనిషిని వాళ్ల పక్కన పెట్టి పోల్చడం సరికాదు.

నా మనసు మార్చింది 2017లో యూరప్ లివర్ మార్పిడి రిజిస్ట్రీ (మార్పిడి కేసులు నమోదు చేసే జాబితా) నుంచి వచ్చిన లెక్క. 149 మందిని చూశారు. మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టే ప్రమాదాన్ని పెంచేవి మూడు తేలాయి: పెద్ద రక్తనాళాల్లోకి గడ్డ చొరబడటం, లివర్ ముఖద్వారం దగ్గర లింఫ్ గ్రంథులకి పాకడం, మూడోది 120 రోజులు లేదా అంతకన్నా తక్కువే ఆగి మార్పిడి చేయడం. అంటే తొందరే దెబ్బ కొడుతోంది! కారణం నాకు అర్థమైనంతవరకు, ఆ నాలుగు నెలల్లో జబ్బు దాని నైజం చూపిస్తుంది, ఏళ్లపాటు కదలకుండా కూర్చునే రకమో పరిగెత్తే రకమో తెలుస్తుంది. పైగా మార్పిడి అయ్యాక జీవితాంతం ఇమ్యూనిటీ తగ్గించే మందులు మింగాలి, ఇచ్చేవాళ్లకీ పెద్ద ఆపరేషనే.

మధ్యలో సిరోలిమస్ అనే మాత్ర ఉంది. మార్పిడి చేసిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందే, ఈహెచ్ఈ పెరుగుతుంటే ఆపడానికీ వాడుతున్నారు. గడ్డలు కరిగిపోతాయని ఆశ పెట్టుకోవద్దు, చాలామందిలో ఉన్నచోట ఆగుతాయి, అంతే. నోట్లో పుళ్లు, కొలెస్ట్రాల్ పెరగడం, రక్తంలో మందు మోతాదు పరీక్షలు తప్పవు. పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో నీరు చేరితే మాత్రం దీని ప్రభావం తక్కువ, అప్పుడు ఆగి చూద్దాం అనే మాటే వద్దు.

కాబట్టి నా ఓటు: బాధలేమీ లేకపోతే మొదటి కొన్ని నెలలు స్కాన్లతో ఆగడం. గడ్డలు పెరిగినా, బరువు తగ్గినా, నొప్పి మొదలైనా, నీరు చేరినా వెంటనే డాక్టర్ దగ్గర మార్పిడి సంగతి ఎత్తడం. ఆగడమంటే ఇంట్లో కూర్చోవడం కాదు, మార్పిడి టీముకి ముందే చూపించి పెట్టుకోవాలి. లివర్ బాగానే పనిచేస్తుంటుంది కాబట్టి చనిపోయినవాళ్ల నుంచి వచ్చే లివర్ కోసం జీవన్‌దాన్ లాంటి ప్రభుత్వ జాబితాలో వెనకే ఉంటాం, ఇంట్లోంచి ఎవరిస్తారో ముందే తేల్చుకోవాలి.

మా బావకి బ్లడ్ గ్రూప్ కలిసింది గానీ ఫ్యాటీ లివర్ అని తేలింది, కొవ్వు ఎక్కువగా ఉంటే ముక్క తీసుకోరట. రెండో స్కాన్‌లో అక్క గడ్డలు ఒక్క మిల్లీమీటరు కదల్లేదు. బావ మాత్రం ఆరు కిలోలు తగ్గాడు, రోజూ పొద్దున్నే ఐదింటికి లేచి నడుస్తున్నాడు, అక్కని కూడా లాక్కుపోతున్నాడు.